బావకు కావలసిన సన్న పిస్తోలు

మా బావ హీత్రోలో ట్రాలీతో బయటికి వస్తూనే అడిగిన మొదటి మాట, "ఈడ పిస్తోళ్ళు యాడ అమ్ముతారప్పా?" అక్క ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు అని నేనడిగినవాటికి జవాబు లేదు. చుట్టూ టాక్సీ డ్రైవర్లు పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మిగతా తెలుగు మాటలు వాళ్ళకు అర్థం కాకపోవచ్చు గానీ ఆ ఒక్క మాట ఎవడికైనా అర్థమవుతుంది. ఆయన చేతిలోంచి ట్రాలీ లాక్కుని కారు పార్కు వైపు పరుగులాంటి నడక నడిచాను.

బావ అంటే మా అక్క భర్త. కర్నూలు జిల్లాలో ఆయనకు నాపరాళ్ళ గనులున్నాయి. గని పక్కన ఉన్న గుట్ట ఎవరిదని పక్క ఊరి ఆసామితో తగాదా వచ్చింది. అది ముదిరి ముదిరి రెండు వైపులా మనుషులు పోయారు. మా వైపు పోయినవాళ్ళలో బావ సొంత తమ్ముడు ఒకడు. అప్పటి నుంచి బావ నడుముకు లైసెన్సు రివాల్వర్ లేకుండా గడప దాటింది లేదు. ఇన్నేళ్ళకు ఇప్పుడు రాజీ మాటలు మొదలయ్యాయి. అవతలివాళ్ళు ఒక్కటే షరతు పెట్టారు. బావ తరఫున మా నాయన పూచీ పడాలి. ఒకప్పుడు సొంత అల్లుడి మీదే నలుగురిలో తీర్పు చెప్పిన మనిషని ఆయన మీద వాళ్ళకు నమ్మకం. నాయన సరేనన్నాడు.

పూచీ అంటే మావైపు సంతకం కాదు, ఒట్టి మాట. "ఈ మనిషి ఉత్తచేతుల్తో వస్తాడు, ఉత్తచేతుల్తో పోతాడు" అని నలుగురిలో చెప్పడం. ఆ మాట తప్పితే జవాబు చెప్పాల్సింది పూచీ పడ్డవాడే. ఆ కోపంలో వాణ్ణి ఏం చేసినా అడిగేవాళ్ళుండరు. రాజీకి ముహూర్తం కుదిరేదాకా బావ ఊళ్ళో ఉండకపోవడం మంచిదని అక్కా నాయనా కలిసి ఆయన్ని విజిటర్ వీసా మీద లండన్ శివారు హారోలో మా ఫ్లాట్‌కు పంపారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. నేను లండన్ సిటీలో ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. మా ఆవిడది గుంటూరు. మా సీమ మనుషులంటే ఆమెకు సగం భయం, సగం వేళాకోళం.

కారు మోటర్‌వే ఎక్కాక బావ విషయం చెప్పాడు. పెద్దమ్మాయి పెళ్ళి దగ్గరికొస్తోంది. పెళ్ళి ఫొటోల్లో, వీడియోలో నడుము దగ్గర ఉబ్బు కనపడకూడదు. ఆయన రివాల్వర్‌కు గుళ్ళుండే చక్రం లావు, చొక్కా కింద కుండలా పొడుచుకొస్తుంది. సన్నది కావాలి.

"రెండేండ్లు ఫారిన్‌లో ఉండి తిరిగొచ్చేటోళ్ళు ఒకటి తెచ్చుకోవచ్చంట గదా. నువ్వు వచ్చేటప్పుడు తెస్తివంటే నా పేరు మీదికి మార్చుకుంటా."

"నేను తిరిగొస్తానని ఎవరు చెప్పినారు బావా?"

"పిస్తోలు కోసమన్నా రాకపోతావా."

ఈ దేశంలో పిస్తోళ్ళు అమ్మరని, చట్టం చేసి ఉన్నవాటిని కూడా జనం దగ్గర్నుంచి తీసేసుకున్నారని చెప్పాను. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాడు. బజార్లో బేరం చెడగొట్టడానికి వచ్చినవాణ్ణి చూసి నవ్వినట్టుంది ఆ నవ్వు.

"టీవీలో తెల్లోళ్ళందరి చేతుల్లోనూ ఉంటాయి గదరా."

"అది అమెరికా."

"ఆడా ఇంగ్లీషే, ఈడా ఇంగ్లీషే."

మర్నాడు హారో ట్యూబ్ స్టేషన్ దగ్గర ఒక పోలీసాయన కనిపించాడు. బావ ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు. నడుముకు వైర్‌లెస్, బేడీలు, చిన్న లాఠీ, అంతే. "పాపం, వీనిక్కూడా ఇయ్యలేదా?" అన్నాడు. ఆ జాలి నిజమైనదే. కానీ పోలీసుకు లేదంటే జనానికి దొరకదనే చిన్న లెక్క మాత్రం ఆయన బుర్రకెక్కలేదు. పోలీసుకు లేకపోతే జనం తప్పకుండా పెట్టుకుంటారనుకున్నాడు. ఆయన లెక్కలో తప్పు కూడా లేదు, మా ఊరికైతే.

ఇంక ఇంట్లో ఆయన పోరు పడలేక ఒక శనివారం ఆయన్ని కారెక్కించుకుని లండన్ దాటి పల్లెటూళ్ళ వైపు వెళ్ళాను. అక్కడొక తుపాకుల షాపుంది. లోపల గోడల నిండా పొడుగాటి వేట తుపాకులు, గడ్డి నింపిన నెమలికోళ్ళు, బురదలో తొక్కే బూట్లు. షాపాయన టై కట్టుకుని చాలా మర్యాదగా పలకరించాడు. బావ నన్ను మోచేత్తో పొడిచాడు. కక్కలేక మింగలేక అడిగాను: పిస్తోళ్ళలో సన్నవి ఉంటాయా, ఒంటి మీద పెట్టుకుంటే బయటికి కనపడనివి?

ఆయన నన్ను చూశాడు, బావను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. అలాంటివి ఈ దేశంలో అమ్మడం, ఉంచుకోవడం నేరమని నెమ్మదిగా చెప్పాడు. ఆ తర్వాత కౌంటర్ మీదికి కొంచెం వంగి, "ఈ ప్రశ్న ఇంకో షాపులో అడక్కండి సార్" అన్నాడు. నా చెవులు కాలిపోయాయి. నా రంగు, నా మీసం, పక్కన తెల్ల చొక్కా తెల్ల పంచెలో బావ. ఆ షాపాయన ఫోన్ తీయకపోవడం ఆయన మంచితనం.

బయటికొచ్చాక బావ నన్నే తిట్టాడు. "సరిగ్గా అడగలేదు నువ్వు. బతిమాలినట్టు అడిగితే ఎవడిస్తాడు? ఇన్నేండ్లు ఈడుండి ఏం ఇంగ్లీషు నేర్చినావప్పా?" ఇంటికొచ్చేదాకా నేను రోడ్డే చూస్తూ కారు నడిపాను. ఆయనేమో పొలాల్లో మేస్తున్న గొర్రెల్ని చూసి వాటి బరువు అంచనా కడుతూ కూర్చున్నాడు.

అక్కడితో పీడ పోయిందనుకున్నాను. బావ ఆ రాత్రి అన్నం తింటూ కొత్త దారి పట్టాడు. హైదరాబాదులో ఒక పెద్దమనిషి దగ్గర పాతకాలం ఫారిన్ పిస్తోళ్ళు రెండు మూడు ఉన్నాయట, లైసెన్సు మీద మార్చుకోవచ్చట. "కొనేది యాడైనా కొంటా. ఏది కొనాలనేది నువ్వు చెప్పు. చదువుకున్నోనివి గదా, కంప్యూటర్ ఉండె గదా." పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఊరికే అనలేదు.

నిజం చెప్పాలంటే ఇక్కడ నా బుద్ధి కూడా కొంచెం గడ్డి తింది. ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టాక పని పనిలా పట్టేసుకుంది. అమెరికావాళ్ళు ఈ విషయం మీద చీరల గురించి ఆడవాళ్ళు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. గొట్టం పొడుగుంటే ఫరవాలేదు, ప్యాంటులోకి దిగిపోతుంది; చొక్కాను పొడిచేది పిడి. గుళ్ళు ఒకే వరుసలో ఉంటే సన్నగా ఉంటుంది గానీ తక్కువ పడతాయి. పైన కొక్కెంలా లేచి ఉండే భాగం బట్టకు తగులుకుంటుంది. మరీ తేలికైతే పేల్చినప్పుడు చేతిలో ఎగురుతుంది. ఇవన్నీ బావకు చెబితే, "ఇది మాట" అని తొడ చరిచాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం నా పెళ్ళి తర్వాత అదే మొదటిసారి.

ఇంట్లో ప్రింటర్ లేదు. బొమ్మలు అసలు సైజులో కావాలన్నాడు. ఆఫీసులో అందరూ భోజనానికి పోయినప్పుడు ప్రింట్ కొట్టాను. సగంలో మెషీన్‌లో కాగితం అయిపోయింది. మిగిలిన సగం ఎవరో కాగితం పెట్టాక, నేను సీట్లో లేనప్పుడు బయటికొచ్చింది. సాయంత్రం మా మేనేజర్ నన్ను చిన్న గదిలోకి పిలిచి టీ ఇప్పించాడు. ఇంగ్లీషువాడికి కోపమొస్తే అరవడు, టీ ఇప్పిస్తాడు. ఇంట్లో అంతా బాగానే ఉందా, పని ఒత్తిడి ఎక్కువగా ఉందా, ఎవరి మీదైనా కోపంగా ఉందా అని అడిగాడు. మా అక్క కూతురి పెళ్ళి కోసం అన్నాను. ఆ జవాబు వల్ల నాకు మేలు జరగలేదు. కొన్నాళ్ళపాటు లిఫ్టులో నా పక్కన నిలబడేవాళ్ళు తగ్గారు.

ఆ బొమ్మలు ముందేసుకుని బావ మా ఆవిడ కూరగాయలు కోసే చెక్కను పిస్తోలు ఆకారంలో రంపంతో కోశాడు. ఆమె షాపింగ్ నుంచి వచ్చేసరికి వంటింటి నేలంతా పొట్టు.

"ఏవండీ, మా అమ్మ ఇచ్చిన చెక్కండీ అది! ఇంట్లో ఇంకేం దొరకలేదా అన్నయ్యగారికి?"

"మంచి చెక్కమ్మా, గట్టిది" అన్నాడు బావ, అదేదో ఆమెకు ఊరటన్నట్టు.

చెక్క పిస్తోలును గీకి, నున్నగా చేసి, నడుముకు కుడివైపు దోపుకుని ఫ్లాట్‌లో తిరిగేవాడు. కూర్చోవడం, లేవడం, వంగి చెప్పులు తొడుక్కోవడం. ఎక్కడన్నా కనిపిస్తే మళ్ళీ రంపం. గంజి పెట్టిన చొక్కా అయితే ఒంటికి అంటుకోకుండా నిలబడుతుందని కనిపెట్టి మా ఆవిడ చేత అన్నం వార్పించాడు. మైక్రోవేవ్‌లో అన్నం వండుకునే ఇంట్లో గంజి కోసం విడిగా గిన్నె పెట్టాల్సి వచ్చింది. గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్ల మీద అట్టల్లాంటి తెల్ల చొక్కాలు ఆరేవి. స్టాన్‌మోర్‌లో ఒక తెలుగు డాక్టరుగారి ఇంట్లో పుట్టినరోజు పార్టీకి ఆ చెక్క పెట్టుకునే వచ్చాడు. కోస్తా వాళ్ళంతా ఆయన చుట్టూ చేరి, "సీమలో బాంబులు నిజంగా ఇళ్ళల్లో చుడతారా అంకుల్?" అని అడిగి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బావ మాత్రం ఎవరూ తన నడుము వైపు చూడలేదన్న సంతోషంలో వాళ్ళతో పాటు నవ్వాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ బయటికెళ్ళింది. బావ గంజి చొక్కా తొడుక్కుని హాలు మధ్యలో నిలబడి, "రా అప్పా, ఒకతూరి కౌగిలించుకో" అన్నాడు.

నేను నవ్వాను. అక్క పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి నా భుజం మీద చెయ్యి వేసింది లేదు. నవ్వుతూనే ఏదో మెత్తబడింది లోపల. ఇల్లు గుర్తొచ్చిందేమో, చచ్చిపోయిన తమ్ముడు గుర్తొచ్చాడేమో అనుకున్నాను. వెళ్ళి కౌగిలించుకున్నాను. బావ నన్ను రొమ్ముకు రొమ్ము ఆనేలా గట్టిగా అదిమి, ఒక పక్కకీ ఇంకో పక్కకీ మార్చి, చెవిలో అడిగాడు.

"తగిలిందా?"

"ఏంది?"

"చెక్క. నడుము కాడ. తగిలిందా లేదా?"

"లేదు."

ఆయన మొహం వెలిగిపోయింది. నేను ఆయన్ని వదిలి వెనక్కి జరిగాను. పెళ్ళిలో మావైపు మగవాళ్ళు కౌగిలించుకోరు. దండం పెడతారు, చేతులు పట్టుకుంటారు, పన్నీరు చల్లుకుంటారు. మావైపు ఇద్దరు మగవాళ్ళు నలుగురి ముందు రొమ్ముకు రొమ్ము కలిపేది ఒక్క రాజీనాడే. అది ప్రేమ కోసం పెట్టిన ఆచారం కాదు. ఎదుటివాడి నడుములో ఏముందో చేత్తో తడిమితే అవమానం కాబట్టి, కౌగిలి పేరుతో తడుముకోవడం. పూచీ పడ్డ మనిషి పక్కనే నిలబడి చూస్తుంటాడు.

"ఇది పెండ్లికి కాదు గదా బావా" అన్నాను.

ఆయన అబద్ధమాడలేదు. సోఫాలో కూర్చుని చెక్క తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పెండ్లి చూడాలంటే ముందు బతికుండాల గదా."

"నాయన పూచీ పడినాడు నీకు."

"మామ నా తట్టుకు పూచీ పడినాడు. అవతలోని తట్టుకు పడినోడు ఎట్లాంటోడో నీకు తెలుసా? నా తమ్ముణ్ణి సంపిన పొద్దు పిలిపించింది వాడే. మాట్లాడుకుందాం రమ్మనే పిలిచినాడు."

"నీ దగ్గర బయటపడితే నాయన గతేంది?"

"బయటపడదు. నువ్వే చెప్తివి గదా తగల్లేదని." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో వెటకారం లేదు. బతిమాలుతున్నట్టుంది. "నేను తీసేది లేదు. వాడు తీస్తేనే తీస్తా. వాడు తేడని నువ్వు చెప్పు. చెప్పు, ఇప్పుడే ఈ చెక్క చెత్తబుట్టలో ఏస్తా."

నేను చెప్పలేకపోయాను. అదే నాకు ఎక్కువ మంట. గొట్టం, పిడి, మందం అంటూ ఇన్నాళ్ళు నా చేత లెక్కలు కట్టించింది మా నాయన మెడకేనా అని అరిచాను. చెక్క లాక్కోబోయాను. ఆయన చేతుల్లో బలం రాళ్ళు మోసి పెంచుకున్నది. రాలేదు. పక్క ఫ్లాట్ వాళ్ళు గోడ మీద తట్టారు.

మర్నాడు ఆఫీసు బయట ఒక మెట్టు మీద కూర్చుని, ఫోన్ కార్డు గీకి అక్కకు చేశాను. ఆమె చెబితే బావ వింటాడని నా ఆశ. బావ ఏం చేయబోతున్నాడో ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

"సన్నది దొరికిందా?" అంది అక్క.

"నీకు తెలుసా?"

"నేనే చెప్పినా రా. ఆ లావుది ఇంట్లో పడేసి సన్నది చూసుకోమని. అవతల ఆ చీకటి మొహమోడు ఉత్తచేతుల్తో వస్తాడని నాయన నమ్ముతాడు, నేను నమ్మను."

"మరి నాయన?"

"ముసలాయన్ని ఎవరూ ముట్టుకోరు. మాట పోతే నాలుగు దినాలు తల దించుకుంటాడు. మాట పోతే పోతుంది, మనిషి ఉండాల గదరా. నువ్వు ఆడ కూర్చుని నాకు నీతులు చెప్పొద్దు." పెట్టేసింది.

వారం గడిచింది. ఇంట్లో బావ, ఫోన్లో అక్క, ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు. తెలియనిది ఒక్క మనిషికే, మెడ పెట్టింది ఆ ఒక్క మనిషే. రాజీకి ముహూర్తం కుదిరిందని, బావను పంపించమని నాయన ఫోన్ చేసినప్పుడు గొంతు చాలా సంతోషంగా ఉంది. ఇక ఆగలేక చెప్పేశాను.

"ఎంత సన్నదంట?" అన్నాడు నాయన.

"కౌగిలించుకున్నా తగలదు."

"ఊఁ." లైన్లో గరగర. "చెప్పి మంచి పని చేసినావు నాయనా. ఇంక నువ్వు ఎవురితో అనొద్దు. నేను చూసుకుంటా."

ఆయన ఎలా చూసుకుంటాడో నేను ఊహించింది వేరు. బావను పిలిచి తిడతాడనుకున్నాను, ఒట్టు వేయించుకుంటాడనుకున్నాను. నాయన నేరుగా అవతలివాళ్ళ ఊరికి పోయి, పెద్దమనుషులందరి ముందు నిలబడి, "నా అల్లునికి నేను పూచీ ఉండలేను" అని చెప్పి వచ్చాడట. ఎందుకని అడిగితే కారణం చెప్పలేదట. రాజీ ఆగిపోయింది. ముసలాయన భయపడ్డాడన్నారు కొందరు, ఎవరో కొనేశారన్నారు కొందరు. నాయనకు ఎవరు చెప్పారో బావకు వేరే చెప్పనక్కర్లేదు. మూట సర్దుకుని, మా ఆవిడ వడ్డించిన అన్నం ముట్టకుండా లేచాడు. విమానాశ్రయంలో ఒక్కమాటే అన్నాడు: "మామ మాట వెనక్కి తీపిచ్చినావు." అక్క నాతో మాట్లాడటం మానేసింది. అమ్మాయి పెళ్ళి ఊళ్ళో కాకుండా హైదరాబాదులో ఏదో హోటల్లో, తలుపుల దగ్గర మనుషుల్ని పెట్టి చేశారు. నన్ను పిలవలేదు.

రెండేళ్ళ తర్వాత సెలవు మీద వెళ్ళినప్పుడు నాయనను నిలదీశాను. నాకు అప్పటికీ కోపం తగ్గలేదు. నిన్ను కాపాడదామని చెబితే నువ్వు ఊళ్ళో పేరు పోగొట్టుకున్నావు, కనీసం కారణం చెప్పి ఉంటే నీ మాట నిలబడేది కదా, దొంగపని చేయబోయింది బావా అక్కా కదా అన్నాను.

నాయన వక్క నములుతూ నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు.

"కారణం చెప్పింటే నీ బావను ఆ పొద్దే సంపుతుండ్రి. మాట పోతే పోయింది లేరా, మనిషి ఉన్నాడు గదా."

అక్క నా మీద అరిచి ఫోన్ పెట్టేసే ముందు అన్న మాటే అది.